తడి నిండిన ముక్కలు

ఫిబ్రవరి 17, సోమవారం

మెట్టు మీద కాలు జారింది. కుడి మణికట్టు బెణికింది. డాక్టరు పట్టీ కట్టి, మూడు వారాలు ఆ చేతికి పని చెప్పొద్దన్నాడు. ఎముక విరగలేదు. దేవుడి దయ.

కార్ఖానాకు వెళ్ళాను. తమ్ముడు గుమ్మంలోనే ఆపాడు.

"ఇంట్లో పడుకోవచ్చుగా అక్కా. నాలుగు రోజులు నువ్వు తూచకపోతే కొంపలేం మునగవు."

"ఫైబర్ ముక్కలు ఆవిరి పెట్టెలో పెట్టి పద్నాలుగు రోజులైంది రా. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది."

"మేస్త్రీ తూస్తాడు."

"ఆయన వేళ్ళకి ఎప్పుడూ రెజిన్ జిగురే. ముక్కతో పాటు ఆయన్నీ తూచినట్టవుతుంది."

మేస్త్రీ లోపలి నుంచి విన్నాడు. "నా బరువు కూడా ఎక్కడో ఓ మూల రాసిపెట్టండి అక్కగారూ. పోయాక ఎంత తగ్గానో చూసుకోవచ్చు."

ఎడమ చేత్తోనే తూచాను. ఇరవై నాలుగు ముక్కలకు గంటన్నర పట్టింది.

ఫిబ్రవరి 19

ఎడమ చేతిలో బలం లేదు. ముక్కను రుద్ది తుడవడం కుదరడం లేదు. పైనున్న చెమ్మను గుడ్డతో అద్ది త్రాసు మీద పెడుతున్నాను. పద్ధతి కాగితంలో ఉన్నదీ అద్దమనే. ఇరవై రెండేళ్లుగా నేను రుద్దుతున్నాను. శుభ్రంగా ఉంటుందని.

ఫిబ్రవరి 22, శనివారం

పందొమ్మిదో రోజు. పోయిన ఏడాది ముక్కలకు సరిగ్గా ఈ రోజుకే బరువు పెరగడం ఆగింది. ఈసారి ఆగలేదు. పదకొండో నంబరు నిన్నటి కంటే మూడు మిల్లీగ్రాములు ఎక్కువ చూపించింది.

ఎడమ చేతి పొరపాటు.

సాయంత్రం చెల్లి ఫోన్ చేసింది.

"చెయ్యి ఎలా ఉంది? ఇంకా ఆ ముక్కలకి ఆవిరి స్నానాలు చేయిస్తూనే ఉన్నావా?"

"చేయించాలిగా. మీ మిల్లులో రంగు తొట్ల మీద వేసే రెండో వంతెనకే కదా ఇవి."

"అసలు వాటిని అన్నాళ్ళు ఎందుకు ఉడకేస్తావో నాకు ఇప్పటికీ అర్థం కాదు."

"మీ రంగు తొట్ల మీద ఎలా ఉంటుందో నా పెట్టెలోనూ అలాగే ఉంచుతాను. అరవై డిగ్రీల వేడి, ఆవిరి. ఫైబర్ పలకలో గాజు నార ఉంటుంది, దాన్ని పట్టుకుని రెజిన్ ఉంటుంది. ఆ రెజిన్ తేమ తాగుతుంది. తాగినన్నాళ్ళూ బరువు పెరుగుతుంది. పెరగడం ఆగితే నిండినట్టు. నిండాక వేడి మీదే వంచి చూస్తాం, పొడిగా ఉన్నప్పటి బలం నూరైతే ఇప్పుడు ఎంత మిగిలిందో. డెబ్బైకి తగ్గకూడదు."

"మనుషులకీ ఇలాంటి పెట్టె ఒకటి ఉంటే బాగుండును. పెళ్ళికి ముందు మా ఆయన్ని పెట్టి చూసేదాన్ని." నవ్వింది. "మా ఇంజనీరు నిన్ను ఏమంటాడో తెలుసా? త్రాసక్క. త్రాసక్క సంతకం ఉంటే ఇంక చూడక్కర్లేదంటాడు. మొదటి వంతెన వేసి ఎనిమిది నెలలైంది, తుప్పు లేదు, మరక లేదు. నేను ఇప్పించిన ఆర్డరని అందరి దగ్గరా చెప్పుకుంటున్నాను."

"రోజుకి ఎన్నిసార్లు దాటుతావు?"

"పదిసార్లు దాటుతానేమో. తొట్ల పైనే కదా నా డ్యూటీ అంతా. ఏం?"

"ఏం లేదు."

ఊరికే అడిగాను. అంతే.

ఫిబ్రవరి 26

పెరుగుతూనే ఉన్నాయి.

ప్రార్థనలో మనసు నిలిచింది. చాలా రోజుల తర్వాత.

మార్చి 3, సోమవారం

ముక్కల మీద పసుపు పచ్చని జిగురు. నాలుగు రోజులుగా చూస్తున్నాను, మురికి అనుకున్నాను. ఇవాళ రుద్దేయబోయాను. మణికట్టు కలుక్కుమంది, ఆగిపోయాను. భూతద్దం తెచ్చి చూశాను. మురికి కాదు. రెజినే మెత్తబడి పైకి వచ్చింది. దాని కింద గాజు నార వెంట్రుకల్లా తేలి కనబడుతోంది.

పోయిన ఏడాది ఈ జిగురు ఎక్కడికి పోయింది?

నా గుడ్డలోకి పోయింది. రోజూ సాయంత్రం ఆ గుడ్డను ఉతికి ఆరేసేదాన్ని. ఆరాక అట్టలా బిరుసెక్కేది. సబ్బు సరిగా వదలలేదనుకుని ఇంకోసారి ఉతికేదాన్ని.

కూర్చుని నెమ్మదిగా ఆలోచించాను. లోపలికి తేమ ఎక్కుతోంది. పైనుంచి నేను రెజిన్ గీకేస్తున్నాను. ఎక్కినంతా తీసేస్తుంటే త్రాసు ఏం చూపిస్తుంది? ఆగిందనే చూపిస్తుంది. ఆగిందని సగం తడిలోనే తీసి వంచాను. డెబ్బై నాలుగు వచ్చింది. సంతకం పెట్టాను.

పొరపాటు అందరికీ జరుగుతుంది.

కానీ అంతకు ముందు కూడా ఇలాగే రుద్దానే. అప్పుడు గుడ్డ బిరుసెక్కలేదు.

మార్చి 4

మేస్త్రీ ఒక్కడే ఉన్నప్పుడు అడిగాను.

"పలకలు ఓవెన్‌లో ఎన్ని గంటలు ఉంచుతున్నారు?"

"రెండు గంటలండి."

"ఆరు కదా?"

ఆయన చేతిలోని బ్రష్షు కింద పెట్టాడు. "పోయిన ఏడాది నుంచి రెండే. మిల్లు ఆర్డరు వచ్చినప్పటి నుంచి. సారు మీతో అనలేదా?"

"అనలేదు."

"అయితే నేనూ అనలేదు అక్కగారూ. ఇంకో రెండేళ్లు గడిస్తే ఇంట్లో కూర్చుంటాను. నన్ను ఇందులోకి లాగకండి."

సగం ఉడికిన రెజిన్. పైకి ఏమీ తెలియదు. పొడిగా ఉంటే రాయిలా ఉంటుంది.

మార్చి 8

తమ్ముడు రెండో వంతెన పరీక్ష కాగితం అడిగాడు. ఇంకా నిండలేదన్నాను.

"ఈ ముక్కలకి ఏం దాహం అక్కా, మామయ్యకి కూడా ఇంత లేదు" అన్నాడు. నవ్వాను.

మార్చి 10

చేతి పట్టీ విప్పారు. అద్దడమే కొనసాగిస్తున్నాను.

మార్చి 15, శనివారం

నలభయ్యో రోజు. మూడు రోజులుగా బరువు కదలలేదు. ఇప్పుడు నిండాయి.

మార్చి 17, సోమవారం

వంచాను.

పొడి ముక్కలు ఎండు పుల్లల్లా ఫటేలుమంటాయి. మిషన్ అవతల ఉన్నవాళ్ళు కూడా ఉలిక్కిపడతారు. ఇవాళ్టివి చప్పుడు చేయలేదు. మెల్లగా వంగాయి. తర్వాత వంగినట్టే ఉండిపోయాయి.

యాభై రెండు.

మార్చి 18, మంగళవారం

తమ్ముడు కాగితం రెండుసార్లు చదివాడు.

"నీ చెయ్యి బాగా లేదు కదా అక్కా."

"చెయ్యి బాగా లేకపోబట్టే తెలిసింది. రుద్దడం తప్పు. పోయిన ఏడాది లెక్క తప్పు."

"అయితే అది నీ తప్పే."

"నాదే. ఓవెన్ రెండు గంటలే నడుపుతున్నావట?"

"ఎవరన్నారు?"

"పొగగొట్టం నాకు కిటికీలోంచి కనబడుతుంది రా. ఇన్నాళ్ళూ లెక్కపెట్టలేదు, అంతే."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఉన్నది ఒక్క ఓవెన్. ఆరేసి గంటలు పెడితే ఏ పలకా టైముకి పోదు. గోరు గుచ్చి చూశాను, దిగలేదు. సుత్తితో కొట్టి చూశాను, మోగింది."

"పొడిగా చూశావు. కింద తొట్టిలో నీళ్ళు రోజంతా సలసలమంటాయి. మన చెల్లి పైన నడుస్తుంది."

"ఎనిమిది నెలలైంది. ఎవరైనా పడ్డారా?"

"పడేదాకా ఆగుదామా?"

"నేనలా అన్నానా? నా నోట్లో మాటలు పెట్టకు." లేచి తలుపు వేశాడు. "సరే, వెళ్ళి చెప్పు. ఏమని చెబుతావు? ఇరవై రెండేళ్లుగా నాకు తూచడమే రాదని చెబుతావా? ఒక్క మిల్లేనా? నీ సంతకంతో ఎన్ని చోట్లకి సరుకు పోయింది? వాళ్ళంతా రేపు పొద్దున్నే ఇక్కడికొచ్చి కూర్చుంటారు. నలభై మంది ఇంటికి పోతారు. మేస్త్రీతో సహా."

ఆఖరికి నేనే అన్నాను, ఇంకోసారి చూస్తానని. అదే పలకల్లోంచి మళ్ళీ ఇరవై నాలుగు ముక్కలు కోసి, సగం రుద్ది, సగం అద్ది, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తానని. రుజువు లేకుండా మాట జారకూడదు కదా.

"అదీ మా అక్కంటే. నువ్వు ఎప్పుడూ తొందరపడవు" అన్నాడు. ముఖంలో రక్తం తిరిగి వచ్చింది.

సాయంత్రమే పెట్టెలో వేలాడదీశాను.

నలభై రోజులు పడుతుంది. పనికి పట్టే కాలం అది. నేను పెట్టిన గడువు కాదు.

మార్చి 19

దేవుడికి అంతా చెప్పాను.

మార్చి 23, ఆదివారం

చెల్లి వచ్చింది. భోజనం చేసింది. కాళ్ళు నొప్పిగా ఉన్నాయంటే నూనె రాశాను. మడమలు పగిలిపోయి ఉన్నాయి. "రోజంతా ఆ ఆవిరిలో నిలబడితే అంతే అక్కా" అంది.

చెప్పలేదు. భోజనాల దగ్గర చెప్పే మాట కాదు.

మార్చి 30

అమ్మ పోయినప్పుడు తమ్ముడికి పదకొండేళ్లు, చెల్లికి ఆరు. ఇద్దరికీ జ్వరం వస్తే ఒకే మంచం మీద చెరో పక్కన పడుకోబెట్టి మధ్యలో కూర్చునేదాన్ని. ఎవరి నుదురు ముందు తాకాలో తెలిసేది కాదు.

ఇది ఎందుకు రాశానో.

ఏప్రిల్ 2

పెరుగుతున్నాయి.

ఏప్రిల్ 7, సోమవారం

రుద్దిన పన్నెండూ ఆగాయి. ఇరవయ్యో రోజు. పోయిన ఏడాదిలాగే. వంచితే డెబ్బై మూడు.

అద్దినవి ఇంకా పెరుగుతున్నాయి.

ఇంక చూడవలసింది ఏముంది అని ఒక మాట మనసులో వచ్చింది. పని సగంలో వదిలేయడం నా అలవాటు కాదు.

ఏప్రిల్ 13

చెల్లి రాలేదు. ఎండలు ముదిరాయి. మిల్లు లోపల ఇంకెలా ఉంటుందో.

ఏప్రిల్ 18

రోజూ ఉదయం ఏడు నుంచి ఏడున్నర దాకా చెల్లి కోసమే ప్రార్థన. ఏడున్నరకే దాని డ్యూటీ మొదలు. ఆ తర్వాత పనిలో పడతాను.

ఏప్రిల్ 22

దేవుడు అంతా చూసుకుంటాడు.

ఏప్రిల్ 26, శనివారం

అద్దినవి నిండాయి. వంచాను. యాభై ఒకటి.

ఇప్పుడు రుజువు చేతిలో ఉంది.

ఏప్రిల్ 27, ఆదివారం

చెల్లి ఇంటికి వెళ్ళాను. వాళ్ళాయన బయటికి వెళ్ళేదాకా ఆగి చెప్పాను. వింటూ వింటూ మడతపెడుతున్న బట్ట ఒళ్ళో పెట్టుకుంది.

"సగమా? సగం బలమే ఉందా?"

"నా పెట్టెలో నలభై రోజులకి సగం. మీ తొట్ల మీద పది నెలలైంది. ఎంత మిగిలిందో నాకు తెలియదు."

"ఎప్పుడు తెలిసింది నీకిది?"

"నిన్ననే తేలింది."

అబద్ధం కాదు. రెండోసారి తేలింది నిన్ననే.

"అన్నయ్యకి తెలుసా?"

"తెలుసు."

"రెండు గంటలే కాల్చాడు. నేను రోజూ దాని మీదే తిరుగుతానని తెలిసి." ఒళ్ళో బట్ట మడత విప్పేసింది. "నా తల ఎక్కడ పెట్టుకోను అక్కా? మా వాళ్ళ సరుకు, కళ్ళు మూసుకుని వేసుకోండని ఇంజనీరుతో అన్నది నేను."

ఏప్రిల్ 28

చెల్లి ఇంజనీరుకు చెప్పింది. తొట్లు చల్లార్చి, వంతెన మూసేశారు. తమ్ముడు నాతో ఒక్క మాట అన్నాడు. "నీ చేతుల్తో పెట్టావు కదా ముద్ద, ఆ చేతుల్తోనే తీసేయ్."

ఏప్రిల్ 30, బుధవారం

మిల్లులో వంతెన మీద ఇసుక మూటలు వేసి చూశారు. తమ్ముడే అడిగాడట, అందరి ముందూ చూద్దామని. నన్నూ పిలిచారు.

ఏడు పలకలు. తొట్లు చల్లగా ఉన్నాయి. పెద్ద ఫ్యాన్లు పెట్టారు. తలుపులన్నీ తీసి ఉన్నాయి. మూడు రోజుల గాలికి పలకలు పొడిబారి గలగలలాడుతున్నాయి. నాలుగో పలక మీద మూట మీద మూట వేశారు. ముగ్గురు మనుషుల బరువు. ఆరుగురి బరువు. పలక చలించలేదు.

"ఇప్పుడు ఏనుగునెక్కిద్దామా?" అన్నారు ఎవరో. నవ్వారు.

ఇంజనీరు మర్యాదస్తుడు. "చూశారు కదమ్మా. ఇంకేం అనుమానం?"

"ఆవిరి పెట్టి చూడండి. వేడిగా, తడిగా ఉన్నప్పుడు చూడండి. చల్లారితే దీనికి బలం తిరిగి వస్తుంది. ఆరితే ఇంకాస్త వస్తుంది. మీరు చూస్తున్నది ఆ బలం."

"తొట్లు కాచి, కింద సలసల కాగుతుంటే పైన మూటలు వేయమంటారా? విరిగితే ఎవరు బాధ్యులు?"

"విరగదని కదా మీరు అంటున్నారు."

ఆయన గడియారం చూసుకున్నాడు. తమ్ముడు ముందుకు వచ్చాడు. "ఏమీ అనుకోకండి సార్. మా అక్కకి చెయ్యి బెణికినప్పటి నుంచి మనసు కాస్త అదోలా ఉంది. వయసు కదా. పాత త్రాసు, పాత పద్ధతి. పెద్దదని ఊరుకుంటున్నాం."

చెల్లి అక్కడే ఉంది. నా వైపు చూడలేదు. తోటివాళ్ళ మధ్య తలవంచుకుని నిలబడింది. బయటికి వచ్చాక అంది: "నాకు నమ్మాలనే ఉంది. కానీ ఆరుగురి బరువు మోసింది అక్కా. నా కళ్ళతో చూశాను."

సోమవారం నుంచి మిల్లు నడుస్తుంది.

మే 2

పలకల్లోంచి ముక్కలు కోసి ఇమ్మని ఇంజనీరుకు ఫోన్ చేశాను. "పలక పాడైపోతుంది కదమ్మా" అన్నాడు.

ఎవరైనా పడి ఉంటే నన్ను నమ్మేవాళ్ళు. ఈ ఆలోచన ప్రార్థనలోనే వచ్చింది. చాలాసేపు పోలేదు.

మే 4, ఆదివారం

పొద్దున్నే మేస్త్రీ ఇంటికి వెళ్ళి డ్రిల్లు, కోత మిషన్ అడిగాను. ఎందుకని అడగలేదు. సంచిలో పెట్టి ఇస్తూ, "బ్లేడు కొత్తది వేశాను, జాగ్రత్త" అన్నాడు.

మిల్లు గేటు దగ్గర కాపలా ఆయనకు నేను తెలుసు. పరీక్షకు ముక్కలు కావాలన్నాను. అబద్ధం కాదు. వెంట వచ్చి చూస్తూ నిలబడ్డాడు.

"అదేంటమ్మా, సరిగ్గా మధ్యలోంచి కోస్తున్నారు? అంచున తీసుకోకూడదా?"

"నడిచేది మధ్యలోనే కదా నాయనా."

వంతెన చల్లగా ఉంది కాబట్టి నన్ను మోసింది. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో పలకకు రంధ్రాలు పెట్టి, రెండు వేళ్ల వెడల్పున, మోచెయ్యంత పొడవున పట్టీలు తీశాను. పలకకు రెండేసి. ఏడు పలకలు. మణికట్టు మళ్ళీ వాచింది. మూడున్నర గంటలు పట్టింది. చివరికి ప్రతి పలక నడుమా కాలు పట్టేంత సందు. దాని మీద ఇక ఎవరినీ నడిపించలేరు.

ఊడ్చి, దుమ్ము ఎత్తి వచ్చాను.

మే 5, సోమవారం

మిల్లు నడవలేదు.

తమ్ముడు ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పకుండా నడిగదిలో నిలబడ్డాడు. "నాన్న పెట్టిన కార్ఖానా గొంతు కోశావు. ఆ ముక్కలు ఇలా ఇవ్వు."

ఇవ్వలేదు.

"పోనీలే. వంచే మిషన్ నా దగ్గరే ఉంది. నువ్వు వాటిని పెట్టుకుని పూజ చేసుకో." కార్ఖానా గేటు తాళం మార్చాడట.

చెల్లి ఫోన్‌లో అరవలేదు. అదే బాగుండేది. "కాపలా ఆయన్ని పంపించేశారు. నన్ను సంజాయిషీ రాసిమ్మన్నారు. ఇక నా ఇంటికి రావద్దు" అంది.

కాపలా ఆయన సంగతి నాకు తట్టనే లేదు. ముక్కల సంగతే ఆలోచించాను.

మే 6

పద్నాలుగు ముక్కలు బల్ల మీద ఉన్నాయి. ఆరుతున్నాయి. ఆరినకొద్దీ తమ్ముడి మాటే నిజమవుతుంది.

పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి, ముక్కలు ముంచి, సన్నని మంట మీద పెట్టాను. థర్మామీటరు వేలాడదీశాను. అరవై దాటనివ్వడం లేదు. దాటితే మళ్ళీ నేనే ఏదో చేశానంటారు. రాత్రి మూత పెట్టి ఆపుతున్నాను.

మే 8

గిన్నెలో నీళ్ళు పసుపుపచ్చగా తిరిగాయి. పారబోయలేదు. ఇదివరకైతే పారబోసేదాన్ని.

మే 9, శుక్రవారం

చెల్లి వచ్చింది. సంజాయిషీలో రాయడానికి నా చేత ఒక కాగితం రాయించుకుపోవాలని. మతి స్థిమితం లేక కోశానని రాస్తే కేసు ఉండదని ఇంజనీరు అన్నాడట.

వంటగదిలోకి వచ్చి గిన్నె చూసింది. "ఏంటిది? వండుతున్నావా వీటిని?"

"మీ తొట్టి మీద ఉన్నట్టు ఉంచుతున్నాను. థర్మామీటరు చూడు."

"నిజంగానే నీకు పిచ్చి పట్టింది."

పట్టకారుతో ఒకటి తీసి, గుడ్డ చుట్టి దాని చేతిలో పెట్టాను. "మోకాలికి ఆనించి వంచు."

"ఆరుగురిని మోసింది ఇది."

"వంచు."

కోపంగానే వంచింది. విరగదీయాలని గట్టిగా పట్టింది. అంత బలం అక్కర్లేకపోయింది. చప్పుడు లేకుండా వంగి, నారలు తేలి, రెండు సగాలూ దాని చేతుల్లోంచి వేలాడాయి. వాటిని చూస్తూ నేల మీద కూర్చుండిపోయింది.

"ఏ పలకది?"

"నాలుగోది."

"రంగు ఎంత ఎక్కిందో చూడటానికి నేను వంగి నిలబడేది అక్కడే."

నేనూ పక్కన కూర్చున్నాను. దాని తల నా భుజం మీదికి వచ్చింది. ఆరేళ్లప్పుడు ఎంత బరువుండేదో అంతే అనిపించింది.

"అందరం కలిసి నిన్ను వెర్రిదాన్ని చేశాం. నువ్వు ఒక్కరోజు ఆలస్యం చేసి ఉంటే నేను ఆ తొట్టిలో ఉండేదాన్ని అక్కా" అంది.

లేచి కంచం కడిగాను.

అన్నం పెట్టాను. తిన్నది. గిన్నె, థర్మామీటరుతో సహా మిల్లుకు తీసుకుపోయింది.

మే 12, సోమవారం

ఇంజనీరు తన ఎదుటే ముక్కలు వేడిచేయించి విరిపించాడట. పలకలన్నీ విప్పేశారు. కాపలా ఆయన్ని వెనక్కి పిలిచారు. మేస్త్రీ వచ్చి చెప్పాడు. కార్ఖానా మూతపడిందని కూడా ఆయనే చెప్పాడు. డ్రిల్లు తిరిగి ఇస్తే, "ఇప్పుడు నాకెందుకు అక్కగారూ" అని నా దగ్గరే వదిలేశాడు.

మిల్లు నుంచి ఒక ఫారం వచ్చింది. నా పాత సంతకాన్ని నేను వెనక్కి తీసుకున్నట్టు రాసివ్వాలి. ఏడు గళ్ళు. ఆరు నింపాను. ఏడోది: లోపం మొదటిసారి గుర్తించిన తేదీ.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. వారం తర్వాత అదే మాట్లాడటం.

"ఏప్రిల్ ఇరవై ఆరని రాయి అక్కా."

"నీ కోసమా?"

"నాకు పోయేది ఇంకేముంది? నీ కోసమే చెబుతున్నాను. చెల్లి రేపు వచ్చి ఆ కాగితం తీసుకెళ్తుంది. ముందు అది చదువుతుంది. నీకు మిగిలింది అదొక్కతే."

వాడికి నా మీద ప్రేమ ఉంది. లేదని ఎప్పుడూ అనుకోలేదు.

మే 13, మంగళవారం

తెల్లవారుజామున ప్రార్థనకు కూర్చున్నాను. ఏం అడగాలో తెలియలేదు. లేచి ఏడో గడిలో మార్చి 17 అని రాశాను. కింద సంతకం పెట్టాను.

చెల్లి పదింటికి వచ్చింది. చేతిలో పళ్ళు. "నువ్వు తినవని తెలుసు, అయినా తెచ్చాను" అంది. కాగితం తీసుకుని నిలబడే చదివింది. చివరి గడి దగ్గర ఆగింది.

"తేదీ తప్పు రాశావక్కా. ఏప్రిల్ కదా."

"తప్పు కాదు."

వేళ్లు మడిచింది. మార్చిలో పద్నాలుగు. ఏప్రిల్‌లో ఇరవై ఏడు.

"నలభై ఒక్క రోజులు. మధ్యలో ఇక్కడికి వచ్చాను. నా కాళ్ళకి నూనె రాశావు."

"రాశాను."

"ఏం చేస్తూ ఉన్నావు అన్ని రోజులూ?"

"తూస్తూ ఉన్నాను."

నీ కోసం ప్రార్థిస్తూ ఉన్నానని అనబోయాను. నోరు రాలేదు.

కాగితాన్ని మడత నలగకుండా కవరులో పెట్టుకుంది. పళ్ళు బల్ల మీదే వదిలి వెళ్ళింది. తేదీ మార్చమని అడగలేదు. అడిగి ఉంటే మార్చేదాన్నేమో.